పిడికెడు బియ్యం, కాలువ కూలి: ఆకలి, నిరాశ్రయతల ఎదుట తెలుగు క్రైస్తవసంఘాలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగునేలపై క్రైస్తవసంఘాలు ఆకలిగొన్నవారికీ, నిలువనీడ లేనివారికీ చేసిన సాయం గురించి సాధారణంగా రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. అది నిస్వార్థసేవ అన్నది ఒకటి. మతాంతరీకరణకు వేసిన ఎర అన్నది మరొకటి. ఈ రెండూ ఇచ్చినవారి మనసులోకి తొంగిచూసే ప్రయత్నాలే. పుచ్చుకున్నవారికి ఆ సాయం ఏ రూపంలో అందింది, అందుకున్న తరువాత వారి స్థితి ఎలా మారింది అన్న ప్రశ్నలతో ఈ వ్యాసం అదే విషయాన్ని పరిశీలిస్తుంది. 1876–78 నాటి కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషను చేయించిన కాలువపని, దోర్నకల్ అధ్యక్షమండలంలోని పిడికెడు బియ్యం కానుక, స్టువర్టుపురం వసతి, 1977 ఉప్పెన అనంతర పునరావాసం, విజయవాడ నవజీవన్ బాలభవన్ ఇందుకు ఆధారాలు. కూలిగానో, తమ వంతుగానో అందిన సాయం మనుషులను నిలబెట్టిందనీ, అదుపుతో ముడిపడిన ఆశ్రయం వారికి మచ్చగా మిగిలిందనీ ఈ వ్యాసప్రతిపాదన.

కీలకపదాలు: కరువు, అన్నదానం, పరిచర్య, ప్రేమవిందు, జాన్ ఎవెరెట్ క్లౌ, అజరయ్య, స్టువర్టుపురం, దివిసీమ ఉప్పెన, నవజీవన్ బాలభవన్.

1. ఉపోద్ఘాతం

ఏలూరుకూ తాడేపల్లిగూడేనికీ నడుమ భీమడోలులో దిగి ద్వారకాతిరుమల కొండకు వెళ్ళే యాత్రికుడికి స్వామిదర్శనం తరువాత అన్నప్రసాదం దొరుకుతుంది. చినతిరుపతిలో నిత్యాన్నదానం ఈ ప్రాంతప్రజలకు పరిచయమైన దృశ్యం. గోదావరికి ఆవలి ఒడ్డున లంకలగన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) ఆకలన్నవారికి వేళాపాళా చూడకుండా వండి వడ్డించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో బడిపిల్లల మధ్యాహ్నభోజనానికి ఆమె పేరు పెట్టింది. అన్నం పెట్టడం పుణ్యమన్న భావన తెలుగువారికి ఎవరో వచ్చి నేర్పినది కాదు. క్రైస్తవసంఘాల సాయాన్ని చర్చించేటప్పుడు ఈ నేపథ్యాన్ని మరచిపోరాదు.

అయితే ఈ సంప్రదాయానికి ఒక పరిమితి ఉండేది. అన్నం ఎవరికైనా పెట్టవచ్చు, కానీ పంక్తిలో ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలన్నది కులం నిర్ణయించేది. ఊరి చివర మాలపల్లె, మాదిగపల్లెలవారికి అన్నం దూరం నుంచి అందేది. తెలుగు క్రైస్తవుల వాడుకలో దానం, ధర్మం అన్న మాటలకన్నా పరిచర్య, కానుక, ప్రేమవిందు అన్న మాటలు ఎక్కువగా స్థిరపడటం ఈ దృష్టితో గమనించదగినది. దానంలో పైనున్న చేయి, కిందనున్న చేయి ఉంటాయి. విందులో పక్కపక్కన కూర్చున్నవారు ఉంటారు. క్రిస్మసుకు గోదావరి జిల్లాల పల్లెలలో జరిగే ప్రేమవిందుకు ఇతర మతస్థులను పిలవడం నేటికీ ఆనవాయితీ. మాట మారినంతమాత్రాన ఆచరణ మారిందని చెప్పలేం. క్రైస్తవంలోకి వచ్చిన తరువాత కూడా మాల, మాదిగ సంఘాలు వేరువేరుగా ఆరాధించుకున్న ఊళ్ళు ఉన్నాయి. అయినా ఆ మాట ఒక కొలబద్దగా నిలిచింది.

క్రైస్తవసంఘచరిత్రలో మొట్టమొదటి పాలనాపరమైన తగువు అన్నం పంపిణీ గురించే వచ్చింది. అపొస్తలుల కార్యముల గ్రంథం ఆరవ అధ్యాయం ప్రకారం, అనుదిన పంపిణీలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకుభాష మాట్లాడే విశ్వాసులు ఫిర్యాదు చేశారు. దానికి పరిష్కారంగా ఏడుగురిని ఆ పనికి ప్రత్యేకంగా నియమించారు. ఎవరికి ఎంత అందింది, ఎవరికి అందలేదు అని అడిగే హక్కు పుచ్చుకునేవారికి ఉందని ఆ కథ ఒప్పుకుంది. తెలుగునేలపై జరిగిన సాయాన్ని కూడా ఈ ప్రశ్నతోనే చూడాలి.

2. ధాతకరువు – బకింగ్‌హాం కాలువ

1876లో వానలు తప్పాయి. ధాతనామ సంవత్సరంలో మొదలైన ఆ కరువు 1878 వరకు దక్షిణభారతాన్ని పీడించింది. బ్రిటిష్ పాలనలోని ప్రాంతాలలో మృతులు 50 లక్షలకు పైబడి ఉంటారని అంచనా. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి కనుక గోదావరి, కృష్ణా డెల్టాల పొలాలు పండుతూనే ఉన్నాయి. వాటికి దక్షిణాన ఒంగోలు, నెల్లూరు సీమలు మాత్రం మాడిపోయాయి. కోస్తాలో కొన్ని ఆమడల దూరంలోనే ఒకచోట గాదెలు నిండి, ఒకచోట జనం రాలిపోవడం ఆ కరువులోని వైపరీత్యం.

ప్రభుత్వం కరువుపనులు పెట్టింది. 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ సిఫారసుపై కూలిరేటును తగ్గించారు. పనిచేసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే 450 గ్రాములు. మట్టి తవ్వే శరీరానికి అది చాలదని మద్రాసులో వైద్యులూ అధికారులూ గగ్గోలు పెట్టిన తరువాత కొన్ని నెలలకు సవరించారు. ఈ పనులలో పెద్దది సముద్రతీరం వెంబడి తవ్విన కాలువ. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి నిలిచింది. ఏలూరు పాఠకులకు ఈ కాలువ పరాయిది కాదు. గోదావరి నుంచి వచ్చే ఏలూరు కాలువా, కృష్ణ నుంచి వచ్చే ఏలూరు కాలువా ఏలూరులో కలుస్తాయి. కృష్ణ దాటితే కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా సాగుతుంది. అక్కడ అందుకున్నదే బకింగ్‌హాం కాలువ. కాకినాడ నుంచి దక్షిణానికి పడవలు నడిచిన ఒకే జలమార్గం అది.

ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవెరెట్ క్లౌ 1866 నుంచి ఉన్నాడు. ఆయన సంఘంలో అత్యధికులు మాదిగలు. తోలుపని, చెప్పులు కుట్టడం, మోటబావులకు తోలుబొక్కెనలు అమర్చడం వారి వృత్తి. బావులు ఎండి, పశువులు చచ్చాక ఆ వృత్తికి అర్థం లేకుండా పోయింది. ప్రభుత్వపనులకు వెళ్తే అక్కడి మేస్త్రీల చేతిలో అవమానం, కూలిలో కోత. క్లౌ ప్రభుత్వం నుంచి సుమారు మూడున్నర మైళ్ళ కాలువ తవ్వకాన్ని తానే కాంట్రాక్టుకు తీసుకున్నాడు. యౌవనంలో అమెరికాలో భూముల సర్వే బృందాలతో పనిచేసినవాడు కనుక గొలుసు పట్టడం, మట్టిలెక్క కట్టడం ఆయనకు తెలుసు. మిషనరీచరిత్రలు ఆయన భక్తిని ఎంతగానో వర్ణిస్తాయి. కరువులో వేలమందిని బతికించినదాంట్లో ఆ సర్వే అనుభవానికి ఉన్న వాటాను మాత్రం తక్కువగా చెబుతాయి.

పనిస్థలంలో గుడిసెలు వేశారు. మగవారు తవ్వితే ఆడవారు తట్టలతో మట్టి మోశారు. సంఘంలోని బోధకులే మేస్త్రీలయ్యారు. చేసిన పనికి సక్రమంగా కూలి ఇచ్చారు. క్రైస్తవులతో పాటు ఇతరులు, మాదిగలతో పాటు ఇతర కులాలవారు కూడా ఆ పనికి వచ్చారు. సాయంత్రం పని ముగిశాక బోధకులు కూలీల మధ్య కూర్చుని మాట్లాడేవారు. ఆ మాటల్లో సువార్త ఉందని వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. కూలీలలో చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కరువు సాగిన కాలంలో దాదాపు పదిహేను నెలలపాటు బాప్తిస్మాలు ఆపివేశాడు. అన్నం కోసం మతం మారినవారిని వెక్కిరించడానికి ‘రైస్ క్రిస్టియన్లు’ అన్న మాట అప్పటికే వాడుకలో ఉంది. ఆ మాట తన సంఘం మీద పడకూడదన్నది ఆయన జాగ్రత్త. వానలు కురిసి, కరువుసాయం ముగిసి, ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పిన తరువాతే బాప్తిస్మాలు మొదలయ్యాయి. 1878 జూలై 3న ఒంగోలు సమీపంలోని వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ సంఖ్యను క్రైస్తవరచయితలు విజయంగా, విమర్శకులు ఎరకు తగిలిన చేపల లెక్కగా చదివారు. నా పరిశీలనలో ఈ రెండు పఠనాలూ ఒకే పొరపాటు చేస్తున్నాయి. ఆకలికీ విశ్వాసానికీ నడుమ ఆ రెండేళ్ళలో జరిగిన దానిని అవి వదిలేస్తున్నాయి. చేసిన పనికి కోత లేకుండా కూలి అందుకోవడం, తమవాడే మేస్త్రీగా నిలబడటం, పేరుపెట్టి పిలిపించుకోవడం మాదిగపల్లె మనిషికి అంతకుముందు ఎక్కడా దొరకని అనుభవాలు. అన్నం ముట్టిన ఋణం కన్నా ఈ నమ్మకమే వారిని వెల్లంపల్లికి నడిపించి ఉండాలి. సాయం ఆగిపోయాక వచ్చినవారిని సాయం కోసం వచ్చారనడం తర్కానికి నిలవదు. అలాగని ఆకలితో ఆ నిర్ణయానికి సంబంధమే లేదనడమూ సరికాదు.

మరొక విషయం సాధారణంగా ఎవరి దృష్టికీ రాదు. ఒంగోలు సంఘంలో చేరేవారికి తొలినాళ్ళ నుంచి మూడు నియమాలుండేవి. ఆదివారం పనిచేయరాదు, విగ్రహాలను పూజించరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు. మూడవ నియమాన్ని కరువుతో కలిపి చూడాలి. పశువులు కుప్పలుగా చచ్చే కరువుకాలంలో మాదిగపల్లెకు మిగిలే ఆఖరి ఆహారం అదే. ఊరు వారి మీద వేసిన ముద్రకు కారణమూ అదే. సంఘం ఒక చేత్తో కూలి ఇస్తూ మరో చేత్తో ఆ ఆఖరి తిండిని మానమన్నది. దీన్ని శుచిపేరిట రుద్దిన ఆంక్ష అనవచ్చు, ఆత్మగౌరవపాఠం అనవచ్చు. మొదటిది లేకుండా రెండవది అడిగి ఉంటే అది క్రూరత్వమయ్యేదన్నది మాత్రం స్పష్టం.

3. పిడికెడు బియ్యం

1912లో దోర్నకల్ అధ్యక్షుడిగా అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య (1874–1945) ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. తిరునల్వేలి తమిళుడు, తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల మధ్య జీవితమంతా గడిపాడు. 1920 తరువాత కృష్ణా, గోదావరి ప్రాంతాలలోని సి.ఎం.ఎస్. సంఘాలు కూడా ఆయన అధ్యక్షమండలంలో చేరాయి. ఏలూరు పరిసరాల సంఘాలు వాటిలోనివే. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన తరువాత అవి కృష్ణా–గోదావరి అధ్యక్షమండలంగా కొనసాగుతున్నాయి.

ఆ సంఘాలలో ఇంటింటి ఆచారంగా స్థిరపడినది పిడికెడు బియ్యం కానుక. ఇల్లాలు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ కుండలోని బియ్యం గుడికి తెస్తుంది. పోగైన బియ్యం అమ్మి ఆ డబ్బును ప్రధానంగా ఉపదేశుల పోషణకు, సంఘావసరాలకు వాడేవారు. కోత పండుగ నాడు వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు, అరటిగెలలు గుడికి చేరడం, వాటిని వేలం వేయడం ఇప్పటికీ గోదావరి పల్లెల్లో కనిపించే వేడుక. వేలంలో ఒక గుమ్మడికాయ నాలుగైదు చేతులు మారి, దాని అసలు ధరకు పదింతలు పలకడం ఆ రోజు సరదాలో భాగం.

ఇది కరువుసాయం కాదు కదా అన్న ప్రశ్న సమంజసమే. కానీ ఆ బియ్యం తెచ్చినవారు ఎవరు? భూమి లేని పాలేర్లు, నాట్లకూ కోతలకూ వెళ్ళే కూలీలు. మొన్నటివరకు ఇతరుల ఎంగిలి మెతుకులకు ఎదురుచూసినవారు. ఎంత పేదవాడైనా ఇవ్వగలడని అజరయ్య పదేపదే బోధించాడు. పొయ్యి ముందు నిలబడి పిడికెడు పక్కన పెట్టిన స్త్రీ, ఆ క్షణంలో దాతల జాబితాలో చేరింది. గుడి లెక్కలో ఆమె పేరు పుచ్చుకున్నవారి వైపు నుంచి ఇచ్చినవారి వైపుకు మారింది. ఆ ఇంట్లో ఆ పిడికెడు నిజంగానే తగ్గిందని, పిల్లవాడి కంచంలోంచే తగ్గి ఉండవచ్చని కూడా చెప్పుకోవాలి. పేదల కానుకను కీర్తించేవారు ఈ సంగతి దాటవేస్తారు.

1930లలో గాంధీజీకీ అజరయ్యకూ సామూహిక మతాంతరీకరణల విషయమై తీవ్రమైన భేదాభిప్రాయం వచ్చింది. అన్నార్తులకు మతవిషయమై స్వతంత్రనిర్ణయం చేసే స్థితి ఉంటుందా అన్నది గాంధీజీ సందేహం. పేదవాడికి ఆత్మ విషయంలో నిర్ణయం చేసే శక్తి లేదనడమే అతడిని తక్కువ చేయడమన్నది అజరయ్య పక్షపు వాదసారం. ఆ వాదంలోకి ఇక్కడ పూర్తిగా వెళ్ళలేను. పిడికెడు బియ్యం తెచ్చిన స్త్రీల మాట మాత్రం ఆ వాదంలో ఎవరూ అడగలేదు.

4. గోడలున్న ఆశ్రయం: స్టువర్టుపురం

ఆకలికన్నా నిరాశ్రయత మరింత చిక్కైన విషయం. అన్నం తిన్నవాడు లేచి వెళ్ళిపోగలడు. ఇల్లు పొందినవాడు ఇచ్చినవారి హద్దులో ఉండాలి. ఆ హద్దు ఎంతదాకా పోగలదో స్టువర్టుపురం చూపిస్తుంది.

ఎరుకలవారు ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని ఊరూరా తిరిగిన వ్యాపారులు, బుట్టలు అల్లేవారు. రైళ్ళు వచ్చి, ఉప్పు మీద ప్రభుత్వం పట్టు బిగించాక వారి జీవనాధారం దెబ్బతిన్నది. 1871లో వచ్చి, 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించిన నేరస్థజాతుల చట్టం వారిని పుట్టుకతోనే అనుమానితులను చేసింది. 1913లో బాపట్ల సమీపంలో ప్రభుత్వం ఏర్పాటుచేసిన వసతిని ముక్తిఫౌజు చేతికి అప్పగించింది. గవర్నరు కార్యనిర్వాహకసభ సభ్యుడైన హెరాల్డ్ స్టువర్ట్ పేర అది స్టువర్టుపురమైంది. ముక్తిఫౌజును భారతదేశానికి తెచ్చిన బూత్ టక్కర్ ఈ పనికి ‘క్రిమినోక్యూరాలజీ’ అని ఒక మాటే పుట్టించాడు. నేరానికి చికిత్స అని దాని భావం.

వసతిలో భూమి, ఇల్లు, బడి ఇచ్చారు. చీరాల పొగాకు కంపెనీలో పని దొరికింది. వీటితోపాటే హాజరుపట్టీ వచ్చింది. అనుమతిచీటీ లేకుండా ఊరు దాటితే నేరం. ఇల్లు లేనివారికి ఇల్లు ఇచ్చినట్లే కనిపిస్తుంది, కానీ తిరగడమే బతుకైనవారి కాళ్ళు కట్టివేసిన ఇల్లు అది. సంఘం అక్కడ పరిచారకుడి వేషంలోనే కావలివాడి పని చేసింది. 1952లో ఆ చట్టం రద్దయింది. ఊరి పేరు మీద పడిన మచ్చ మాత్రం పోలేదు. తెలుగు సినిమాలు ఈనాటికీ ఆ పేరును దొంగతనానికి పర్యాయపదంగా వాడుకుంటున్నాయి.

ఈ ఊరి చరిత్రలో తెలుగు సాహిత్యవిద్యార్థికి ఆసక్తి కలిగించే మలుపు ఒకటుంది. 1970లలో ఇక్కడ సంస్కరణకు పూనుకున్నవారిలో హేమలతా లవణం ముఖ్యురాలు. ఆమె గుర్రం జాషువా కుమార్తె, నాస్తికోద్యమనాయకుడు గోరా కోడలు. క్రైస్తవకుటుంబంలో పుట్టిన జాషువా 1941 నాటి ‘గబ్బిలం’లో ఆకలిగొన్న అరుంధతీసుతుడి చేత భిక్ష అడిగించలేదు, ప్రశ్న అడిగించాడు. ముక్తిఫౌజు హాజరుపట్టీతో మొదలైన ఊరికి, ఆ కవి కూతురు హాజరుపట్టీ లేకుండా వెళ్ళింది.

5. పాలపొడి నుంచి తుపాను షెల్టరు దాకా

స్వాతంత్ర్యానంతరం సాయం రూపం మారింది. అమెరికా మిగులు ధాన్యం పి.ఎల్. 480 పథకం కింద దేశానికి వచ్చింది. కతోలిక పీఠాల ద్వారా కొంత, ప్రొటెస్టంటు సంఘాల ఉమ్మడి సంస్థ కాసా ద్వారా కొంత పల్లెలకు చేరింది. పాలపొడి, గోధుమనూక పాతతరం జ్ఞాపకాలలో ఇప్పటికీ ఉన్నాయి. ఉచితంగా పంచిన పాలపొడి సంఘాలకు మంచిపేరుతోపాటు ‘పాలపొడి మతం’ వంటి ఎత్తిపొడుపులనూ తెచ్చింది. పనికి ఆహారం పద్ధతిలో చెరువులు, బాటలు చేయించినచోట పనివాడికి ధాన్యం, ఊరికి చెరువు మిగిలాయి. క్లౌ కాలువపనికీ దీనికీ పోలిక స్పష్టమే. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధిహామీ పథకం అదే సూత్రాన్ని చట్టబద్ధమైన హక్కుగా మార్చింది.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి, లక్షలమంది ఇళ్ళు కోల్పోయారు. తొలిరోజులలో శవాలను ఖననం చేయడమే పెద్దపని. ఆ పనిలో, ఆ తరువాత ఇళ్ళు కట్టడంలో రామకృష్ణ మిషను, ఆర్.ఎస్.ఎస్., వామపక్ష సంఘాలు, క్రైస్తవసంస్థలు అన్నీ పాల్గొన్నాయి. ఏ ఒక్కరి ఖాతాలోనూ దివిసీమను వేయలేం. సంఘాల పనిలో ప్రత్యేకంగా చెప్పదగినది తుపాను షెల్టరు. పూరిగుడిసెల ఊరిలో ఎత్తైన స్తంభాలపై పక్కాకట్టడం. మామూలు రోజులలో బడిగానో సమావేశమందిరంగానో వాడుకుంటారు, గాలి లేచినప్పుడు ఊరంతా అందులోకి వస్తుంది. గుడి కట్టకుండా షెల్టరు కట్టినచోట ఆ కట్టడం ఊరందరిదైంది. ఉప్పెన ముందు మాలపల్లె, పెద్దవీధి ఒకే కప్పు కింద రాత్రి గడపవలసి రావడం, ప్రేమవిందు చేయలేని పనిని కొంత చేసింది. 1990 మే తుపానుకు లక్షలమందిని ముందుగానే తరలించగలిగారు కనుక మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు. ప్రభుత్వం, సంస్థలు కట్టిన షెల్టర్లు అందుకు తోడ్పడ్డాయి.

6. ప్లాట్‌ఫారం మీది పిల్లలు

ఏలూరు నుంచి గంట ప్రయాణంలో విజయవాడ జంక్షన్. ఉత్తరదక్షిణాలు కలిసే ఆ స్టేషను, ఇల్లు వదిలి రైలెక్కిన పిల్లలు దిగే చోటు కూడా. 1989లో డాన్‌బాస్కో సలేసియన్ సభవారు అక్కడ నవజీవన్ బాలభవన్ స్థాపించారు. వీరి పద్ధతి అన్నం పెట్టడంతో మొదలు కాదు, పలకరింపుతో మొదలవుతుంది. కార్యకర్తలు ప్లాట్‌ఫారాల మీద తిరుగుతూ కొత్తగా దిగిన పిల్లవాడిని దళారులకన్నా ముందు గుర్తించాలి. స్నానం, పడక, మాట్లాడేవాళ్ళు దొరికాక పిల్లవాడు తన ఊరు చెబుతాడు, కొన్నిసార్లు వారాల తరువాత చెబుతాడు. ఇల్లు క్షేమమైతే ఇంటికి చేర్చడం, కాకపోతే చదువో పనో నేర్పించడం తరువాతి అంచెలు. 2000 నాటి బాలన్యాయచట్టంతో బాలల సంక్షేమకమిటీలు, 1098 ఫోనుసేవ ఈ పనిలో భాగమయ్యాయి. పిల్లవాడి విషయంలో తుదినిర్ణయం సంస్థది కాదు, కమిటీది.

స్టువర్టుపురంతో పోల్చితే తేడా ఇక్కడ ఉంది. అక్కడ చట్టం ఆశ్రయానికి కాపలాదారు. ఇక్కడ చట్టం ఆశ్రయమిచ్చేవారి మీద కూడా కన్నేసి ఉంచుతుంది. పిల్లల ఆశ్రమాల పేరిట అనుమతులు లేకుండా వసతిగృహాలు నడిపినవారు, తల్లిదండ్రులున్న పిల్లలను అనాథలుగా చూపి విదేశాల నుంచి నిధులు తెచ్చినవారు మన జిల్లాలలో లేరని ఎవరూ అనలేరు. ఆ పిల్లల ఫొటోలు దాతలకు చేరాయి, దాతల డబ్బు పిల్లలకు చేరలేదు. ఇటువంటి సంస్థలపై నియంత్రణను మతంపై దాడిగా చూడటం ఆ పిల్లలకు అన్యాయం చేయడమే.

7. నేటి చిక్కులు

ఒకటి కాగితం చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరించిన దళితుడు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉండడు. ఆంధ్రప్రదేశ్‌లో అతడు బి.సి.–సి వర్గం. ఊరిలో అతడు ఉండే వీధి మారదు, భూమి రాదు, పేరు ముందు పలికే కులం మారదు. మారేది ధ్రువపత్రం ఒక్కటే. అందువల్ల గుడిలో ఒక పేరు, మండల కార్యాలయంలో ఒక పేరుతో బతికే కుటుంబాలు ఏర్పడ్డాయి. సంఘం సాయం పొందిన జాబితాలో తన పేరు రాయడానికి మనిషి జంకే పరిస్థితి ఇది. సాయం అందినవారి లెక్క బహిరంగంగా ఉండాలన్న సూత్రం ఇక్కడ పుచ్చుకున్నవారికే ముప్పు అవుతోంది. అపొస్తలుల కాలపు ఏడుగురికి ఈ సమస్య ఎదురవలేదు.

రెండవది నిధుల చిక్కు. విదేశీవిరాళాల నియంత్రణచట్టానికి 2020లో చేసిన సవరణతో, ఒక సంస్థ పొందిన విదేశీవిరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయడం నిషిద్ధమైంది. పాలనఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. కేంద్రసంస్థల నుంచి చిన్న సంఘాలకు ప్రవహించే పాయ దానితో ఆగిపోయింది. పల్లెల్లో నడిచే చిన్న ఆశ్రయాలు, వృద్ధుల భోజనాలు దీనివల్ల దెబ్బతినేవే. నిజాయితీగా పనిచేసినవారూ, చేయనివారూ ఒకే గాటన కట్టబడ్డారు. ఈ సవరణ వెనుక ఉద్దేశాలేవైనా, దాని ఫలితంగా సంఘాల ఎదుట మిగిలిన ప్రశ్న అజరయ్య వేసినదే: ఊరి సంఘం తన ఊరి ఆకలిని తానే ఎంత మోయగలదు?

దీనికి జవాబు వెతకడానికి కావలసిన ఆధారాలు మిషను గ్రంథాలయాలలో కన్నా పల్లె సంఘాల ట్రంకుపెట్టెలలో ఎక్కువగా ఉండవచ్చు. పిడికెడు బియ్యం ఎన్ని సోలలైంది, వేలంలో ఎంత పలికింది, ఎవరికి ఏ నెల ఎంత ఇచ్చారు అని సంఘపెద్దలు తెలుగులో రాసుకున్న లెక్కలపుస్తకాలు అవి. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల సంఘాలలో వాటిని సేకరించి, పేర్లు బయటపెట్టకుండా అధ్యయనం చేయవలసి ఉంది. చెదలూ ఏటేటా వరదలూ ఆ పని కోసం ఆగవు.